ఊరి సంఘాల చేతికే ప్రభుత్వ డబ్బు నేరుగా ఇవ్వాలా?

పొలంగట్టు: ఇవ్వాలి. ఊరికేం కావాలో ఊరోళ్ళకి తెలీదా, మధ్యలో డిపార్ట్‌మెంట్ ఎందుకు? యూరప్‌లో 1991 నుంచి పల్లెల అభివృద్ధికి లీడర్ అని ప్రోగ్రాం నడుస్తోంది, ఏ ప్రాజెక్టుకి ఇవ్వాలో లోకల్ గ్రూపే తేలుస్తుంది, అందులో ప్రభుత్వం వాళ్ళకి సగం ఓట్లు కూడా ఉండవు.

లెక్కలమాస్టారు: తేల్చడం వేరు, లెక్క చెప్పడం వేరు సార్. ఇండోనేషియాలో 600 పైగా ఊళ్ళ రోడ్ల పనుల మీద ఓల్కెన్ అనే ఎకనామిస్ట్ చేసిన స్టడీ 2007లో వచ్చింది. ఆడిట్ ఖాయం అని ముందే చెప్పిన చోట లెక్కతేలని ఖర్చు 8 శాతం పాయింట్లు తగ్గింది, మీటింగులకి జనాన్ని పిలిచిన చోట మొత్తమ్మీద పెద్ద తేడా లేదు.

పొలంగట్టు: అంటే ఊరోళ్ళు దొంగలా?

లెక్కలమాస్టారు: ఆ మాట నేనన్నానా?

బ్యాక్‌బెంచ్: లీడర్‌లో కూడా చాలావరకు ముందు మన జేబులోంచి పెట్టాలి, బిల్లులు ఇచ్చాకే వచ్చేది 😀

పొలంగట్టు: అదే నా ఏడుపు! మా సంఘానికి గోడౌన్ గ్రాంట్ వచ్చింది, కాయితం మీద, ముందు మీరు కట్టుకోండి తర్వాత ఇస్తాం అన్నారు, పదిమందిమి వడ్డీకి తెచ్చి కట్టాం, తీరా ఒక బిల్లు మీద తేదీ లేదని మొత్తం ఫైలే ఆపేశారు, వడ్డీ మాత్రం ఆగలేదు.

లెక్కలమాస్టారు: తేదీ లేని బిల్లు ఎవరు పాస్ చేస్తారండీ?

పొలంగట్టు: ఒక్క బిల్లు! మిగతావి ఇవ్వొచ్చుగా?

లెక్కలమాస్టారు: తేదీ వేయించుకోడానికి ఏమైంది?

ఉడతాభక్తి: తేదీ గోల ఆపండి ఇద్దరూ. గట్టుగారూ, ఆ పదిమందిలో సొంత భూమి లేనివాళ్ళు ఎంతమంది?

పొలంగట్టు: వాటా కట్టినోళ్ళే మెంబర్లు. ఎవర్నీ రావద్దన్లేదు.

ఉడతాభక్తి: కూలికెళ్ళే మనిషి వాటా ఎక్కణ్ణించి తెస్తుంది? నిల్వచేసే పంటే లేనోళ్ళకి గోడౌన్ దేనికి? ఆఫ్రికాలో సియెర్రా లియోన్ అనే దేశంలో ఇలాగే ఊళ్ళకి గ్రాంట్లిచ్చారు, కమిటీల్లో ఆడవాళ్ళుండాలని రూల్ కూడా పెట్టారు. సౌకర్యాలు పెరిగాయిగానీ ఊరి నిర్ణయాల్లో ఆడవాళ్ళ మాట చెల్లడం మాత్రం పెరగలేదని 2012లో వచ్చిన స్టడీ. మీరు ఊరు ఊరు అంటున్నది మీ పదిమందినే.

లెక్కలమాస్టారు: ఆడిట్‌లో అది కనపడదు లెండి, బిల్లులన్నీ కరెక్ట్‌గానే ఉంటాయి.

పొలంగట్టు: ఓహో. లాభమొస్తే ఊరందరిదీ, అప్పోడు తలుపు కొడితే మా పదిమందిదా? రేపు నష్టం వస్తే మీరందరూ పంచుకుంటారా, ముందు అది చెప్పండి.

ఉడతాభక్తి: అసలు మిమ్మల్ని అప్పు చెయ్యమన్న ఆ రూలే కదండీ మిగతా ఊరిని బయట నిలబెట్టింది. ముందే అడ్వాన్సు ఇస్తే వాటా అడిగే పనేముంది?

లెక్కలమాస్టారు: అడ్వాన్సా?? లెక్క ఎవరు చెప్తారు?