తలమునకలు అంటే ఎంత లోతు?

"పనుల్లో తలమునకలుగా ఉన్నాను" అని రాయాలా, "తలమునగలుగా" అని రాయాలా అని గ్రూపులో ఒక సోదరి అడిగారు. మొదటిదే సరైనదమ్మా. మునగచెట్టుకూ ఈ మాటకూ ఏ సంబంధమూ లేదు. మునుగు అనే క్రియ నుంచి మునక వచ్చింది. తుంగభద్రలో దిగి మూడు మునకలు వేశామంటాం కదా, ఆ మునకే ఇది. ముంచు నుంచి ముంపు వచ్చింది. శ్రీశైలం, గండికోట జలాశయాల కింద ఊళ్లు పోగొట్టుకున్న మన కర్నూలు, కడప వాళ్లకు ముంపు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మడకశిర పక్క కన్నడం మాట్లాడేవాళ్లు అనే ముళుగు కూడా మన మునుగుకు చుట్టమే.

నాకు బాగా ఇష్టమైన సంగతి వేరే ఉంది. తలమునకలు అసలు ఒక కొలత. బావిలోనో వంకలోనో నీళ్లెంత అంటే మన పెద్దవాళ్లు అడుగుల లెక్క చెప్పరు, ఒంటి మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. మోకాలి లోతు, మొలలోతు, రొమ్ముల లోతు, పీకల్లోతు. ఆపైన తలమునకలు, అంటే నిలబడిన మనిషి తల మునిగేంత. "ఈత రానోడు దిగొద్దు, తలమునకలుంటాది" అంటే ప్రాణం కాపాడే మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచాయి. నీళ్లు ఎందాక వచ్చాయో ఆ వరద చూసినవాళ్లను అడగండి, చెయ్యి ఎక్కడికి పోతుందో చూడండి.

ఈ నీటి కొలతలే అప్పుల్లోకీ పనుల్లోకీ వచ్చాయి. పీకల్లోతు అప్పులంటే ముక్కు ఇంకా పైనే ఉంది, కేకేస్తే గట్టు మీదున్నవాళ్లకు వినిపిస్తుంది. వేరుశనగ ఎండిపోయిన ఏడు అనంతపురం రైతు నోట వినేది ఈ మాటే. తలమునకలైనవాడికి బయటిదేదీ కనిపించదు, వినిపించదు. అది కష్టమే కానక్కర్లేదు. పెళ్లిపనుల్లో తలమునకలవుతాం, సంతోషంలోనూ అవుతాం.

దీనికి బదులు ఉక్కిరిబిక్కిరి వాడేస్తున్నారు. నాకది ఒప్పుగా తోచదు. ఉక్కిరిబిక్కిరిలో ఉన్నది లోతు కాదు, ఊపిరి. పొగలోనో కిక్కిరిసిన బస్సులోనో గాలాడకపోతే వచ్చే మాట అది. పరీక్షల టెన్షన్‌తో పిల్లలు ఉక్కిరిబిక్కిరి అవుతారు. అదే పిల్లలు ఇష్టపడి, అన్నానికి పిలిచినా పలక్కుండా చదువుతుంటే చదువులో తలమునకలయ్యారనాలి. ఈ తేడా చెరిపేస్తే నష్టం మనకే.

మా అనంతపురం వైపు తల దాటాక నిలువుల లెక్క: రెండు నిలువులు, మూడు నిలువులు. నంద్యాల, ప్రొద్దుటూరు, రాజంపేట వైపువాళ్లు ఏమంటారో రాయండి. బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లనే అడిగి రాయండి.