ఫోటో లేని అరుదైన పక్షి రికార్డు: అధికారిక జాబితాలో చేర్చాలా, వద్దా?

తీతువు:
ఒక ప్రాంతపు అధికారిక జాబితాలోకి కొత్త జాతి రావాలంటే ఫోటో గానీ కూత రికార్డింగు గానీ తప్పనిసరి చేయాలని నా వాదన. గుర్తింపు లక్షణాల మీద అవగాహన మారినప్పుడు పాత ఫోటోను మళ్లీ తీసి చూడొచ్చు. "రెక్క మీద తెల్లపట్టీ కనిపించింది" అన్న వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా అందులోంచి కొత్తగా ఏమీ రాదు.

జెముడుకాకి:
మొదటి రికార్డు వరకు మీతో ఏకీభవిస్తాను. కానీ ఫోటో ఉన్నంత మాత్రాన గుర్తింపు రుజువైనట్టు కాదండీ. బురద నేలల్లో తిరిగే పొడుగు ముక్కు పక్షులు, స్నైప్‌లనే తీసుకోండి. గడ్డిలో కూర్చున్న పిన్‌టెయిల్ స్నైప్‌నూ స్విన్‌హోస్ స్నైప్‌నూ ఎంత స్పష్టమైన ఫోటోలోనైనా నమ్మకంగా విడదీయలేం. ఎగిరేటప్పుడు రెక్క వెనక అంచున వెడల్పాటి తెలుపు కనిపించకపోతే కామన్ స్నైప్‌ను పక్కన పెట్టొచ్చు, అంతే. అసలు తేడా తోకలో ఉంటుంది. కామన్ స్నైప్‌కు మామూలుగా 14 తోక ఈకలు. పిన్‌టెయిల్‌కు 26కి అటూ ఇటూ ఉంటాయి, పక్క ఈకలు సూదుల్లా సన్నం. స్విన్‌హోస్‌కు 20కి అటూ ఇటూ, పక్కవి సన్నబడతాయి గానీ మరీ సూదుల్లా కావు. ఈకలు సవరించుకుంటూ తోక విప్పిన క్షణం దొరికితే తప్ప "పిన్‌టెయిల్ లేదా స్విన్‌హోస్" అని రాసి ఊరుకోవాలి. అందుకే ఫోటో ఉందా అని కాదు, పోలిన జాతులను ఒక్కొక్కటిగా కొట్టేసే ఆధారం ఉందా అని అడగాలి.

లకుముకి:
ఫోటో పంపే తీరులోనే సగం రికార్డులు పాడవుతాయి. బాగా వచ్చిన ఒక్క ఫ్రేము కత్తిరించి పంపుతారు. పరిశీలకులకు, అంటే పంపిన రికార్డులను పరిశీలించి తేల్చేవాళ్లకు, కావలసింది కత్తిరించని అసలు ఫైళ్లు, వరసగా తీసినవన్నీ, మసకగా ఉన్నవాటితో సహా. ఒకదాన్నొకటి పోలిన నీటి ఒడ్డు పక్షులను చూడండి: పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్ చంక ఈకలు బూడిద గోధుమరంగు, యూరోపియన్ గోల్డెన్ ప్లోవర్‌వి తెలుపు. ఎక్స్‌పోజర్ ఎక్కువైన ఒకే ఫ్రేములో బూడిదరంగు తెల్లగా పాలిపోతుంది, అక్కడే తప్పుడు జాతి పుడుతుంది. కొన్ని ఫోన్ కెమెరాలు పదును పెంచే క్రమంలో లేని ఈకల అంచులు గీసేస్తాయి, ఇది ఇంకా ప్రమాదం. ఆ రోజే ఫోన్ గడియారాన్ని కెమెరాతో ఒక ఫోటో తీసి ఉంచండి, కెమెరా సమయం ఎంత తప్పిందో తేలిపోతుంది.
కూత అయితే వేవ్ ఫైల్ (కుదించని ఆడియో), 48 కిలోహెర్ట్జ్, శబ్దం తగ్గించే సెట్టింగ్ ఆపేసి. తేదీ, స్థలం రికార్డింగు చివర గొంతుతో చెప్పండి. ఒక్క కూతనే నమ్ముకోవద్దు: తోక కొసన బ్యాట్ ఆకారపు ఈకలున్న రాకెట్-టెయిల్డ్ డ్రోంగో అనే పక్షి ఇతర పక్షుల కూతలను అనుకరిస్తుంది. దగ్గర్లో ఎవరైనా ప్లేబ్యాక్ (పక్షిని రప్పించడానికి రికార్డు చేసిన కూత) పెట్టారేమో కూడా రాయాలి.

పాలపిట్ట:
గుర్తింపు ఒకటి, స్థలం ఒకటి. ఇంగ్లండులో హేస్టింగ్స్ చుట్టుపక్కల దొరికాయన్న అరుదైన పక్షుల విషయంలో చేతిలో భద్రపరచిన పక్షి చర్మాలే ఉన్నాయి, జాతి మీద గొడవ లేదు. దొరికిన చోటు నమ్మదగినది కాదని 1962లో తేల్చి, 29 జాతులు, ఉపజాతులను బ్రిటిష్ జాబితా నుంచి తీసేశారు. బ్రిటిష్ సైనికాధికారి, పక్షి సేకర్త మైనర్ట్‌జాగెన్ చూపిన ఫారెస్ట్ ఔలెట్ (భారతదేశపు చిన్న గుడ్లగూబ) నమూనా ఇంకా ఘోరం: వేరొకరు సేకరించినదాన్ని 1914 నాటి తన సేకరణగా చీటీ మార్చి పెట్టాడు. ఆ తప్పుడు చోటును పక్కన పెట్టి పాత నమ్మకమైన చోట్లలో వెతికాకే 1997లో ఆ గుడ్లగూబ మళ్లీ కనిపించింది. ఫోటోకూ ఇదే వర్తిస్తుంది. చుట్టూ ఉన్న చెట్లు, నీటి అంచు కనిపించే ఒక దూరపు ఫ్రేము తప్పక ఉండాలి. పంజరం నుంచి తప్పించుకున్నదేమో కూడా చూడాలి: అరిగిన తోక కొసలు, కాలి వలయం, పెరిగిన గోళ్లు.

తీతువు:
స్థలం సంగతి ఒప్పుకుంటున్నాను. మరి ఒక్కరే చూసి, ఫోటో లేని రికార్డును ఏం చేద్దాం?

జెముడుకాకి:
వర్ణన ఎప్పుడు రాశారన్నదే ముఖ్యం. ఫీల్డ్ గైడ్ (పక్షులను గుర్తించే పుస్తకం) తెరవకముందే అక్కడే రాసిన నోటు అయితే విలువ ఉంటుంది. దూరం, వెలుతురు ఏ వైపు నుంచి, ఎంతసేపు, ఏ భాగం కనబడలేదు అన్నవి ఉండాలి. పది సెకన్లలో గైడులోని లక్షణాలన్నీ చూశానంటే అనుమానించాల్సిందే. పరిశీలకులు ఒకరి అభిప్రాయం మరొకరు చూడకుండా ఓటేయాలి. సరిపోకపోతే "నిరూపణ కాలేదు" అని రాసి ఫైలు దాచాలి, "తప్పు" అని కాదు.

తీతువు:
అయితే నా ప్రతిపాదన మారుస్తాను: ప్రాంతానికి మొదటి రికార్డుకు ఫోటో లేదా కూత తప్పనిసరి, ఆ తర్వాతివాటికి అక్కడికక్కడ రాసిన నోటు చాలు. స్నైప్‌ల లాంటి జంటలకు మాత్రం ఎన్నో రికార్డయినా తోక ఫోటో కావాలి.

లకుముకి:
పక్షిని పట్టి చేతిలోకి తీసుకుని కాలికి గుర్తింపు రింగు వేసినప్పుడు లెక్కపెట్టిన తోక ఈకలనూ అందులో చేర్చండి. ఫోటో కన్నా అదే గట్టి ఆధారం.