ఒకే నమూనా నుంచి ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ, ప్రోటీన్ మూడూ తీయాలా?

బ్రాడీపేట_విద్యార్థి: గుంటూరులో కణితి నమూనాలపై పనిచేస్తున్నాను. ఒక్కొక్కటి బియ్యపు గింజంత. ట్రైజాల్‌తో (కణాలను కరిగించే ఫినాల్, గ్వానిడిన్ ద్రావణం) ఒకే గొట్టంలోంచి మూడూ తీస్తానంటే మా గైడు వద్దంటున్నారు.

పటమట_ల్యాబ్: ఆయన మాటే సరైనది. క్లోరోఫామ్ కలిపి తిప్పాక పైపొరలో ఆర్‌ఎన్‌ఏ చక్కగా వస్తుంది, దానితో పేచీ లేదు. కింది పొర నుంచి వచ్చే ప్రోటీన్ ముద్ద మాత్రం 1 శాతం ఎస్‌డీఎస్‌లో (సబ్బు లాంటి రసాయనం) 50 డిగ్రీల దగ్గర ఉంచినా కరగదు. నా పరిశోధనలో ఏడు నెలలు ఆ ముద్దకే పోయాయి.

తాడేపల్లి_జీవి: కరగలేదంటే అతిగా ఎండబెట్టి ఉంటారు. గ్వానిడిన్ కలిపిన ఆల్కహాల్‌తో మూడుసార్లు కడిగి, పూర్తిగా ఆరకముందే కరిగించాలి.

పటమట_ల్యాబ్: నేను ఎండబెట్టలేదు. చూడకుండా ఎలా చెబుతారు?

లామ్_మిరప: మాకు మిరప ఆకుల్లో ఆర్‌ఎన్‌ఏ కూడా జిగురుగానే వస్తుంది. ట్రైజాల్ వ్యర్థాల్లో బ్లీచింగ్ ద్రావణం పోయకండి, విషవాయువు పుడుతుంది.

తాడేపల్లి_జీవి: ఒక్కోదానికి ఒక్కో గొట్టమని ముక్కను మూడుగా కోస్తే ఒకదానిలో కణితి, పక్కదానిలో కొవ్వు. ఆర్‌ఎన్‌ఏ పెరిగి ప్రోటీన్ పెరగకపోతే అది కణం గుణమా, కత్తి పడిన చోటు గుణమా?

పటమట_ల్యాబ్: ద్రవ నైట్రోజన్‌లో పొడిచేసి పంచుకోండి.

తాడేపల్లి_జీవి: బియ్యపు గింజంత ముక్కా? సగం కల్వానికే అంటుకుంటుంది. ముద్ద కరగలేదన్న ఒక్క కోపంతో మీరు పద్ధతినే తిడుతున్నారు.

పటమట_ల్యాబ్: కోపం ముద్ద మీద కాదు. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి సెంట్రిఫ్యూజ్ (గొట్టాలను వేగంగా తిప్పి పొరలు విడదీసే యంత్రం) ఆగింది, మూత తెరుచుకోలేదు. తెరుచుకున్నాక ఆత్రంలో పైపొరతోపాటు డీఎన్‌ఏ ఉండే మధ్యపొరనూ పీల్చేశాను. ఆర్‌ఎన్‌ఏలో డీఎన్‌ఏ కలిసింది, మిగిలిన రెండూ చెడ్డాయి. ఆ నమూనా ఇచ్చిన ఆమె మళ్ళీ సూది పొడిపించుకునే స్థితిలో లేదు. మూడు గొట్టాలుంటే రెండైనా దక్కేవి.

తాడేపల్లి_జీవి: అది ముందే చెప్పాల్సింది. అలాంటి మనిషి ఇచ్చినదాంట్లో రవ్వ కూడా పారబోయకూడదనే నేను మూడూ తీయమంటున్నాను. మీరు పోగొట్టుకోవడానికి భయపడుతున్నారు, నేను వృథాకు భయపడుతున్నాను.

పటమట_ల్యాబ్: భయం ఒకటి కాదు. చేయి తిరగనివారి చేతికి ఒకే గొట్టం ఇవ్వకూడదు.

బ్రాడీపేట_విద్యార్థి: మా గైడు అన్నదీ అదే, నాకు పద్ధతి మీద అభ్యంతరంలా వినబడింది. ముందు ల్యాబ్‌లో పెంచిన కణాల మీద, ఇన్వర్టర్ ఉన్న గదిలో చేసి చూస్తాను. అప్పటిదాకా రోగుల నమూనాలు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోనే ఉంటాయి.

పటమట_ల్యాబ్: ముద్ద కరిగిందో లేదో ఇక్కడే రాయండి.