అప్‌డేట్: ఒంటరిగా బీచ్ ట్రిప్, సముద్రంలో దిగొచ్చా?

జనం పెద్దగా లేని బీచ్‌కి ఒక్కదాన్నే వెళ్తున్నాను, నీళ్లలో దిగొచ్చా అని పోయిన నెల అడిగాను కదా, వెళ్లి వచ్చేశాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది రిప్ కరెంట్ (తీరం నుంచి సముద్రం లోపలికి లాక్కెళ్లే ప్రవాహం) గురించి చెప్పిన మాట. అది చదివి కూడా మొదటి రోజు అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటే దిగబోయాను! లైఫ్‌గార్డ్ ఆపి, నీళ్లు లోపలికి లాగేది సరిగ్గా అక్కడేనని చూపించాడు. చిక్కుకుంటే ప్రవాహానికి ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా పక్కకి ఈదాలట. ఆ తర్వాత నడుము లోతు దాటలేదు, అదీ ఆయన ఉన్న వేళల్లోనే.

సొరచేపల టెన్షన్ అనవసరం. ఏడిపించింది ఎండే. మబ్బు పట్టింది కదాని సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోలేదు, భుజాలు కమిలిపోయాయి. తీసుకెళ్లిన మూడు పుస్తకాల్లో ఒక్కటీ పూర్తవలేదు, నిద్రకే సరిపోయింది.