మంత్రి కుర్చీలో ఉండి ‘సనాతనాన్ని నిర్మూలించాలి’ అనొచ్చా?

నెల్లూరు చేపలపులుసు

ఆదివారం మా ఇంట్లో మొదలైన గొడవ ఇది. చెన్నైలో ఉండే మా బావమరిది పప్పులో నెయ్యి వేసుకుంటూ “ఉదయనిధి అన్నదాంట్లో తప్పేముంది బావా?” అన్నాడు. మా అమ్మ కంచం వదిలేసి లేచిపోయింది.

మర్చిపోయినవాళ్ల కోసం చెప్తున్నా. 2023 సెప్టెంబరు 2న చెన్నైలో రచయితలు, కళాకారుల సంఘం ఒకటి ‘సనాతన నిర్మూలన సదస్సు’ పెట్టింది. అప్పటి తమిళనాడు క్రీడల మంత్రి ఉదయనిధి స్టాలిన్ అక్కడ మాట్లాడుతూ డెంగీ, మలేరియా, కరోనాలను వ్యతిరేకిస్తే సరిపోదు, నిర్మూలించాలి, సనాతనం కూడా అలాంటిదే అన్నారు. ఏడాది తర్వాత, 2024 అక్టోబరు 3న పవన్ కల్యాణ్ తిరుపతి సభలో దానికి గట్టిగా బదులిచ్చారు. సనాతన ధర్మ రక్షణకు దేశమంతటికీ ఒక చట్టం కావాలన్నారు. ఉదయనిధి నుంచి ‘చూద్దాం’ అన్న ముక్క తప్ప ఇంకేం రాలేదు.

మామూలు మనిషి అంటే సరే, మంత్రి అనొచ్చా? నా ప్రశ్న అదొక్కటే. పార్టీల తిట్లు వద్దు, దండం పెడతా.

తులసికోట

అనకూడదు. మీ అమ్మగారు లేచిపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు, నేనైతే వడ్డించడమే మానేసేదాన్ని.

పొద్దున్నే లేచి ముగ్గేసి, తులసమ్మ దగ్గర దీపం పెట్టుకుంటాను. నాకు సనాతనమంటే అదే. దాన్ని దోమతో పోలిస్తే ఎవర్ని అన్నట్టు? పైగా ఆ రాష్ట్రంలో వేల గుళ్లు ప్రభుత్వ శాఖ చేతిలోనే ఉన్నాయి. అప్పట్లో ఆ శాఖ చూసిన మంత్రి శేఖర్‌బాబు గారు కూడా ఆ సభకు వెళ్లారు. హుండీ లెక్కలు మీ చేతిలో, నిర్మూలన మాటలు మీ నోట్లోనా? ఇంకో మతం గురించి ఇదే మాట అనే ధైర్యం ఉందా అని అడిగితే మాత్రం ఎవరూ పలకరు.

కోడంబాక్కం తెలుగోడు

ఆ బావమరిది నేను కాదు, ముందే చెప్తున్నా :)

ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నా. మనవాళ్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ సదస్సు పేరులోని తమిళ మాట ‘ఒళిప్పు’. మా వీధి మలుపులో కార్పొరేషన్ గోడ మీద ‘కొసు ఒళిప్పు’ అని రాసుంటుంది, అంటే దోమల నివారణ. అంటరానితనం రద్దును ‘తీండామై ఒళిప్పు’ అంటారు. ‘ఎదిర్ప్పు’ అంటే వ్యతిరేకించడం. ఎదిర్ప్పు చాలదు, ఒళిప్పే కావాలి అని ఆ మాట చుట్టూనే ఆయన ప్రసంగం నడిచింది. దోమ పోలిక కూడా అక్కడి నుంచే వచ్చి ఉంటుందని నా అనుమానం.

రెండోది, ద్రావిడ రాజకీయాల్లో ‘సనాతనం’ అనగానే కులాల నిచ్చెన అనే అర్థం. ద్రావిడ ఉద్యమం నడిపిన పెరియార్ కాలం నుంచి అంతే. మీకు తులసికోట కనిపిస్తుంది, వాళ్లకు గుడి బయట నిలబెట్టిన తాత కనిపిస్తాడు. సరిహద్దు దాటేసరికి మాట అదే ఉంది, అర్థం మారిపోయింది. మనుషుల్ని చంపమని తను అనలేదని ఆయన తర్వాత చెప్పారు కూడా.

తులసికోట

బాబూ, అర్థం చెప్పినందుకు థాంక్స్. కానీ మంత్రి మాట మీ వీధి మలుపులో ఆగదు కదా, సాయంత్రానికల్లా కాశీ దాకా వెళ్తుంది. తన మాట ఎక్కడెక్కడ వినిపిస్తుందో తెలియనివాడికి ఆ పదవెందుకు? కులాన్నే అనాలనుకుంటే కులం అనే అనొచ్చుగా. ఆ మాట తమిళంలో లేదా?

పాత ప్లీడరు

తులసికోట గారు ఇప్పుడన్నదే సుప్రీంకోర్టు కూడా దాదాపుగా అంది. వేర్వేరు రాష్ట్రాల్లో తన మీద పెట్టిన కేసులన్నీ ఒకచోటికి చేర్చమని ఉదయనిధి వెళ్తే, 2024 మార్చిలో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా బెంచ్ తలంటింది. నువ్వు మామూలు మనిషివి కాదు, మంత్రివి, పర్యవసానం తెలిసుండాలి అన్న ధోరణిలో. అదే వారం మద్రాసు హైకోర్టు ఆయన్ని పదవి నుంచి దింపడానికి ఒప్పుకోలేదు గానీ, ఆ మాటల్ని మాత్రం తప్పుపట్టింది. నాకు ఆ రెండూ సబబే అనిపిస్తాయి.

ఇక కొత్త చట్టం గొడవ. ఉన్న చట్టం 1927 నాటిది, పాత శిక్షాస్మృతిలో 295ఎ. 2024 జులై నుంచి న్యాయసంహితలో 299. మూడేళ్ల దాకా జైలు. ‘కావాలని, ద్వేషంతో’ మత భావాలను అవమానించాడని రుజువు చేయాలి, కేసులన్నీ అక్కడే జారిపోతాయి. అలాగని ఆ షరతు తీసేస్తే రేపు వేమన పద్యం చదివినవాడు కూడా స్టేషన్ మెట్లెక్కాలి.

అయినా మన దగ్గర ఏం జరిగిందో చూడండి. 2012లో నిర్మల్ ప్రసంగం మీద అక్బరుద్దీన్ ఒవైసీ కేసు పదేళ్లు నడిచి 2022లో కోర్టు కొట్టేసింది. అదే 2022 ఆగస్టులో ప్రవక్త మీద వ్యాఖ్యలకు బీజేపీ ఎమ్మెల్యే రాజాసింగ్‌ను అరెస్టు చేశారు, పార్టీ సస్పెండ్ చేసింది. 2023 ఎన్నికల ముందు సస్పెన్షన్ ఎత్తేసి గోషామహల్ టికెట్ ఇచ్చింది, గెలిచాడు. ఉదయనిధి ఏడాది తిరిగేసరికి ఉప ముఖ్యమంత్రి అయ్యారు. నోరు జారితే నష్టమని మనం అనుకుంటాం. వాళ్ల లెక్కలు వేరు.

కృష్ణాతీరం_నాస్తికం

అందరూ మర్యాదగా మాట్లాడుతుంటే బోర్ కొడుతోంది. వేమన పేరొచ్చింది కాబట్టి అడుగుతున్నా. రాతి బొమ్మల్ని, ఉత్తుత్తి పూజల్ని, కులాన్ని ఆయన అన్నంత ఘాటుగా ఎవరన్నారు? ఆయన్ని ట్యాంక్‌బండ్ మీద నిలబెట్టాం. గోరా గారు విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపారు, ఎవరూ తల తెమ్మనలేదు. ఉదయనిధి తలకు మాత్రం అయోధ్య స్వామి ఒకాయన 10 కోట్లు వెల కట్టారు. అసహనం ఎవరిది?

పాత ప్లీడరు

ఆ 10 కోట్ల మాట నేరం, అందులో రెండో ఆలోచన లేదు. కానీ బ్రదర్, వేమన కింద పోలీసు శాఖ లేదు, బడ్జెట్ లేదు. తిట్టినా ఆయన దగ్గర ఉన్నది పద్యమే. ‘నిర్మూలిస్తాం’ అని ప్రభుత్వంలో ఉన్నవాడు అంటే వినేవాడికి బుల్డోజర్ గుర్తొస్తుంది. ఏ పార్టీ మంత్రి అన్నా, ఏ మతాన్ని అన్నా అంతే.

ముచికుంద ఒడ్డు

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా. ఇప్పుడు నా సంగతి చెప్తా.

మాది మెదక్ వైపు ఊరు. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాయనమ్మ గుడికి తీసుకుపోయేది. మెట్ల కిందనే ఆగేది. కొబ్బరికాయ నేల మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగేది. లోపల నుంచి వచ్చినాయన దాని మీద నీళ్లు చల్లి తీసుకునేవాడు. తిరిగొచ్చి చిప్పను పైనుంచి ఆమె కొంగులో వదిలేవాడు, చెయ్యి తగలకుండా. ఆ చిప్ప కొంగులో పడ్డ చప్పుడు నాకిప్పటికీ గుర్తే. అదే చిప్పను ఇంటికి తెచ్చి దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకునేది. తులసికోట అమ్మా, ఆమెది కూడా సనాతనమే కదా?

2018 ఏప్రిల్‌లో జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి చిలుకూరు అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లారు. అంటరానివాడని దూరం పెట్టిన భక్తుడు తిరుప్పాణాళ్వారును శ్రీరంగం అర్చకుడు లోకసారంగముని గుళ్లోకి మోసుకెళ్లిన కథ అది. నేను మేళం వెనకాల జనంలో ఉన్నా, ఏడ్చేశా. తమిళనాడులో ఉదయనిధి పార్టీ డీఎంకే ప్రభుత్వమే 2021లో అన్ని కులాలవాళ్లను అర్చకులుగా వేసింది. అప్పుడు నేను చప్పట్లు కొట్టా.

డెంగీ మాటకు మాత్రం కొట్టలేకపోయా. దేవుడికేదో అయిందని కాదు. ఆ వారమంతా టీవీలో దోమలు, తల, 10 కోట్లు, ఇంకో నాయకుడి సవాలు. మెట్ల కింద కొబ్బరికాయ గురించి ఒక్కడు మాట్లాడలేదు. మా గురించే అన్నానంటాడాయన. ఏం ప్రయోజనం?

తులసికోట

నాయనా, ఇందాకట్నుంచి ఏం రాయాలో తోచలేదు. మా పుట్టింట్లో కూడా పనమ్మాయికి ప్రసాదం అలాగే పైనుంచి వేసేవాళ్లు. మడి అనేవాళ్లు. నేనూ వేశాను. నా దీపాన్ని దోమ అంటే ఇప్పటికీ ఒప్పుకోను. కానీ మీ నాయనమ్మ చిప్ప గురించి ఎవరైనా మంత్రి మాట్లాడితే ఎదురు చెప్పను.

మీ ఊళ్లో ఇప్పుడెలా ఉంది?

నెల్లూరు చేపలపులుసు

అమ్మకు ఈ పేజీ అంతా చదివి వినిపించా. ‘ఒళిప్పు’ దగ్గర “అయితే ఏంటంట” అంది. కొబ్బరికాయ దగ్గర మాత్రం మళ్లీ చదవమంది. బావమరిదితో ఇంకా మాటల్లేవు.

ముచికుంద ఒడ్డు

తెలియదమ్మా. నాయనమ్మ పోయాక ఆ గుడి వైపు పోలేదు. వచ్చే నెల జాతర ఉంది. మా పాపను తీసుకుని, టెంకాయ చేతిలో పట్టుకుని పోతా. ఎక్కడిదాకా పోనిచ్చారో వచ్చి ఇక్కడే రాస్తా.