సీమంతం గాజులు బిగిసిపోయాయి, బీపీ 150/100 ఉంది. మీకెవరికైనా ఇలా అయిందా?

పటమట అమ్మాయి:
నాకు 31వ వారం. సీమంతంలో సులువుగా ఎక్కిన మట్టిగాజులు ఇప్పుడు సబ్బు రాసినా రావడం లేదు. నిన్న బీపీ 150/100, మూత్రంలో ప్రోటీన్ కూడా ఉందన్నారు. బీపీ తగ్గడానికి లాబెటలాల్ మాత్ర రాసిచ్చారు. కడుపుతో ఉన్నప్పుడు నీరు పట్టడం మామూలేనని అత్తయ్య అంటున్నారు. నాకు భయంగా ఉంది.

బ్రాడీపేట కోడలు:
కాళ్ళకు నీరు చాలామందికి పడుతుంది చెల్లీ. ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం వేరు. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేవారు. నాకు 33వ వారంలో తలనొప్పి మొదలైంది. మే నెల గుంటూరు ఎండ సంగతి తెలిసిందే కదా, వడదెబ్బేమో అనుకుని మజ్జిగ తాగి పడుకున్నాను. సాయంత్రం గోడమీది క్యాలెండర్ చూస్తే అంకెల మీద మెరుపులు. కుడివైపు పక్కటెముకల కింద ఒకటే నొప్పి. బీపీ 170/110. మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు. ఎక్కుతుంటే ఒళ్ళంతా సెగలు పుట్టాయి, కానీ ఫిట్స్ రాకుండా కాపాడేది ఆ మందే. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా చేశారు. రెండు రోజులకు ఆపరేషన్, 1.7 కిలోల పాప. ఇప్పుడు బడికి వెళ్తోంది.

పటమట అమ్మాయి:
ఉప్పు పూర్తిగా మానేయాలా అక్కా?

పురుళ్ళ వార్డు నర్సు:
ఉప్పు మానేస్తే ఇది తగ్గదమ్మా. ఆవకాయ తగ్గించండి, చాలు. మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానకండి. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి బీపీ చూడాలి. 160/110 వస్తే వెంటనే ఆస్పత్రికి రండి. తలనొప్పి వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా అంతే, అంకె కోసం ఆగవద్దు. మళ్ళీ కడుపు పండినప్పుడు మూడో నెలలోనే డాక్టరుకు ఈ సంగతి చెప్పండి, తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు.

మంగళగిరి అక్క:
కాన్పుతో గండం గడిచిందనుకోవద్దు. మా చెల్లెలికి తొమ్మిది నెలలూ బీపీ మామూలే. ప్రసవమైన ఆరో రోజు తలనొప్పి అంటే, బాలింతకు గాలి తగిలిందని చెవులకు గుడ్డ కట్టాం. తెల్లవారుజామున ఫిట్స్. 108 వచ్చేదాకా నేను దాని చెయ్యి వదల్లేదు. బతికింది. ఆరు వారాల వరకూ ఇలా జరగవచ్చని ఇంటికి పంపేటప్పుడు ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది.

పటమట అమ్మాయి:
ఇదంతా అత్తయ్యకు చదివి వినిపించాను. ఉదయం నుంచి నాకూ తల బరువుగా ఉందని అప్పుడు చెప్పాను. ఆవిడే ఆటో పిలిచారు. బయలుదేరుతున్నాం.