రుద్రదేవుఁడా, రుద్రదేవియా? ఒక ద్విపద పాదం గురించి

బెంగళూరు మల్లేశ్వరం నుంచి: గుణశేఖర్ గారి ‘రుద్రమదేవి’ (2015) టీవీలో మళ్లీ చూస్తుండగా, కాకతీయ రాణిగా అనుష్క మగవేషంలో సభకు వచ్చే చోట, చిన్నప్పుడు మా ఊరి యక్షగానంలో విన్న ఒక ద్విపద పాదం తోక నాలుక మీదికి వచ్చింది. “రుద్రదేవి కొలువుదీరె” అని నాకు గుర్తు. మా అన్నయ్య మాత్రం అది “రుద్రదేవుఁడు” అని పట్టుబడుతున్నాడు. మొదటి గణం (లఘుగురువుల గుంపు) ఇద్దరికీ జ్ఞాపకం లేదు. పూర్తి పాఠం ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి తెలుపగలరు.

జయనగర్ నుంచి: పాఠం నా దగ్గర లేదు కాని, తీర్పు చెప్పడానికి పాఠం అక్కరలేదు. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. “రుద్రదే” రగణం, “వికొలువు” నలము, రెండూ ఇంద్రగణాలే. “దీరె” హగణం, అది సూర్యగణం. అంటే మొదటి ఇంద్రగణం పోగా మిగిలినదంతా నిక్షేపంగా ఉంది. “డు” చేర్చి చదవండి, చివర “వుదీరె” అని జగణం మిగులుతుంది. ద్విపదలో దానికి చోటెక్కడిది? మీ అన్నయ్యగారికి నా నమస్కారాలు.

బసవనగుడి నుంచి: తొందరపడకండి జయనగర్ గారూ. “కొలువు” అన్నది “కొల్వు” కావడం పద్యకవులకు నిత్యకృత్యం. “వుఁడుకొల్వు” సలము, “దీరె” హగణం. గణాలు రెండు పాఠాలకూ సరిపోతాయి.

జయనగర్ నుంచి: గణాలు సరే, యతి మాటేమిటి? పాదం మొదటి అక్షరానికి మూడో గణం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి కదా. మూడో గణం మొదట “వి” ఉంటే పోయిన మాట “వేడుక” అనుకోవచ్చు: “వేడుక రుద్రదేవి కొలువుదీరె”. అదే “వు” అయితే, వు వూ వొ వోలతో మొదలయ్యే తెలుగు మాట ఒక్కటి చూపండి.

బసవనగుడి నుంచి: వకారానికి పకార బకారాలతో మైత్రి ఉందన్న సంగతి తమరు మరచినట్లున్నారు. “పురమున రుద్రదేవుఁడు కొల్వుదీరె”. ఇక పాల్కురికి సోమనాథుని దారిలో నడిచిన కవి అయితే ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాల పొత్తు) కూడా వేసి ఉండవచ్చు. అప్పుడు మనం ఊహించే మొదటి అక్షరాలకు విలువే ఉండదు. పండితులు ద్విపదను చిన్నచూపు చూసిన కాలంలో బసవపురాణం అంతటినీ అందులో నడిపిన మహానుభావుడాయన. ఆయన పాదాలను పైకి చదివితే తప్ప వాటి నడక తెలియదు. మౌనంగా చదివి గణాలు లెక్కపెట్టేవారికి ఆయన ఎన్నడూ పట్టుబడడు.

వైట్‌ఫీల్డ్ నుంచి: ఛందస్సు పెద్దలకు వదిలి ఒక సందేహం. కన్నడంలో రాణి వస్తే “బందళు”, రాజు వస్తే “బందను”. 1961లో వచ్చిన ‘కిత్తూరు చెన్నమ్మ’లో సంభాషణల రచయితకు ఈ చిక్కే లేదు. మనకు మాత్రం రాణి వచ్చినా “వచ్చింది”, ఆవు వచ్చినా “వచ్చింది”. సింహాసనం మీద కూర్చున్న స్త్రీకి ఏకవచనంలో జంతువులకు వాడే అమహత్తు క్రియ వాడడం సభామర్యాదకు లోపమని కవి భావించి, “దేవుఁడు” అని ఉండకూడదా? తలపాగా చుట్టినంత మాత్రాన క్రియ మారదు కదా.

జయనగర్ నుంచి: ఊహ బాగుంది, కాని ఇక్కడ అతకదు. “రాముఁడు వచ్చె”, “సీత వచ్చె” అన్నట్లే “కొలువుదీరె” కూడా ఇరువురికీ సమానమే. మీరు చెప్పిన భేదం వ్యావహారికంలోది. క్రియ సాక్ష్యం చెప్పదు.

ఇందిరానగర్ నుంచి: శాసనాలు చెబుతాయి. గణపతిదేవునికి కొడుకులు లేరు. కూతురికి రాజ్యం అప్పగించి రుద్రదేవుఁడనే మగపేరు పెట్టాడు. ఆమె ఏలుబడిలోని పలు శాసనాలలో కనిపించేది “రుద్రదేవ మహారాజు”. కనుక అన్నయ్యగారి పాఠమే చరిత్రకు దగ్గర.

జయనగర్ నుంచి: మరి నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం? 1289లో ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరగా, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించిన దానశాసనమది. అక్కడున్న పేరు రుద్రమదేవి. ఆ బంటుకు ఆమె “దేవి”యే.

ఇందిరానగర్ నుంచి: అది కొలువు కాదు, మరణానంతర దానం. బిరుదు కొలువుకు, పేరు పుణ్యానికి. ఈ రెంటినీ కలిపి చూడడమే మన పొరపాటు. పైగా ఆ సినిమాలో కాకతీయ సామంతుడు గోన గన్నారెడ్డి కనిపించాడు కాబట్టి చెబుతున్నాను, మన కర్ణాటకలోనే రాయచూరు కోటలో 1294 నాటి ఆయన కాలపు శాసనం ఉంది. ఒక పెద్ద రాతిపలక మీద అక్షరాలు. ఆ పలకనే బండి మీద వేసి దున్నపోతులు లాగుతున్న బొమ్మ కూడా గోడ మీద చెక్కి ఉంది. అందులోని ఇంటిపేరు “గోన”యా “గోరె”యా అన్నది ఇంతకంటే రసవత్తరమైన చర్చ.

బసవనగుడి నుంచి: దానికి వేరే చర్చ తెరవండి. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి వంశం మాట వచ్చిందంటే మళ్లీ ద్విపద దగ్గరికే వస్తాం, అందుకు నాకు అభ్యంతరం లేదు. ఈలోగా మల్లేశ్వరం గారు ఒక్క సంగతి కనుక్కోండి: మీ ఊరి యక్షగానం కథకుడు ఆ పాదం దగ్గర “కొల్వు” అని నొక్కి పలికేవాడా, “కొలువు” అని సాగదీసేవాడా? మీ అన్నయ్యగారి చేత పాడించి వినండి, చదివించవద్దు.

మల్లేశ్వరం నుంచి: పాడించాను. అన్నయ్య “కొలువు” అనే అన్నాడు, “దేవుఁడు” అనే అన్నాడు.

జయనగర్ నుంచి: జగణం!

బసవనగుడి నుంచి: పాటలో “లు” తేలిపోతుందండీ. ఇంకోసారి పాడమనండి.